తక్‌పట్టీ

సువార్తా,
కుర్చీ ఇటు జరుపుకో, చున్నీ ముక్కుకు కట్టుకో.
ఎనుమాముల యార్డుల మిర్చి సీజనంటే
కీబోర్డు సుత తుమ్ముతది.

ఇది మన డేటాబేస్.
బయట మూడో నంబర్ షెడ్డు కింద ఎన్ని లాట్లు దిగినయో
లోపల గన్ని వరుసలుండాలె.
ఒకటి ఎక్కువైతే దొంగలెక్క.
ఒకటి తక్కువైతే ఎవరిదో ఏడాది కష్టం.

మనిషిని పేరుతోని గుర్తువట్టకు.
మొగుళ్లపల్లి నుంచే బండారి ఓదెలు ముగ్గురొస్తరు,
అండ్ల ఇద్దరి తండ్రులూ ఐలయ్యలే.
ఫోన్ నంబర్ను నమ్మకు, అది అల్లునిది కావచ్చు,
అల్లుడు మారకున్నా సిమ్ము మారుతది.
ప్రతి వరుసకూ దానిదంటూ ఒక అంకె ఇయ్యి,
అర్థం లేని అంకెనే ఇయ్యి.
అర్థముంటే రేపొకడొచ్చి మార్చమంటడు.

సున్నా వేరు, ఖాళీ వేరు.
సున్నా అంటే కొన్నోడు లేడని,
ఖాళీ అంటే ఇంకా పాట కాలేదని.
రెంటినీ కలిపి తీసిన సగటును
నేను ఒక్కసారే నమ్మిన.

కాంటా మీద ఒక బస్తా ఉన్నంతసేపు
వెనక బస్తా ఆగాల్సిందే.
ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి చాయ్‌కు పోకు.
ఒకనాడు రిజ్వాన్ పోయిండు.
చాయ్ తాగిండు, బిస్కెట్ ముంచుకున్నడు,
అది విరిగి కప్పుల వడితే చెంచా అడిగిండు.
అప్పటిదాంక యార్డంత ఆగింది,
హమాలీలు బస్తాల మీదనే కునికిండ్రు.

ఇండెక్సంటవా,
సారయ్య ఎర్రసిరాతో బస్తా మూతి మీద రాసే నంబరే.
అది లేకుంటె ఒక్క బస్తా కోసం షెడ్డంత తిరగాలె.
అట్లని నాలుగు దిక్కులా రాసుకుంట కూసుంటె
రాసుడే సరిపోతది, దించుడు ఎప్పుడు?
క్వెరీ నిదానమైతే తిట్టకు,
ఏ దారిన పోతున్నవని అడుగు.
ఎక్స్‌ప్లెయిన్ అంటే చెప్తది,
గా విషయంల మనుషులకన్నా నయం.

ఇగ, నా సంగతి.
ఫిబ్రవరి, బేస్తారం, రాత్రి పదకొండున్నర.
నర్సంపేట రైతు చపాటా లాటుకు ధర తప్పుగ వడ్డది,
సరిచెయ్యాలె, గంతే.
అప్‌డేట్ రాసిన, సెట్ రాసిన,
వేర్ రాయకముందే వేలు జారింది.
వేర్ అంటే ఎక్కడ అని కదా,
ఎక్కడనో చెప్పకుంటె అది అంతటా చేస్తది.
స్క్రీన్ ఒక వరుస అనలే,
నాలుగు వేల రెండు వందల ఆరు అన్నది.
తేజకూ తాలుకూ పత్తికీ పసుపుకూ
ఒక్కటే ధర!
అంత సమానత్వం నేనెన్నడూ చూడలే.

బ్యాకప్ లేదా అంటవు.
రోజూ రాత్రి రెండింటికి పచ్చ టిక్కు పెట్టి పోతుండె.
విప్పి చూసినోళ్లు లేరు.
ఆ రాత్రి విప్పితే తెలిసింది,
పదకొండు నెలల సంది
ఖాళీ డబ్బాకు తాళమేసి కాపలా కాస్తున్నమని.

చిట్టీ గుమాస్తా కొంరెల్లి తాతకు ఫోన్ చేసిన.
లూనా మీద వచ్చిండు, ఒక్క మాట అనలే.
అల్మారిలకెల్లి కట్టలు దించిండు,
తక్‌పట్టీల కార్బన్ కాపీలు, సుతిలి కట్టినయి,
నీలి అక్షరాలు, అక్కడక్కడ చాయ్ మరకలు.
మూడు రాత్రులు
ఆయన సదువుడు, నేను కొట్టుడు.
లాట్ మూడు వందల పన్నెండు, తేజ, పదహారు బస్తాలు.
లాట్ మూడు వందల పదమూడు...
అక్కడ ఆగిండు.
"గిది తడి బస్తా అని రెండు కిలోలు కోసిన్రు.
తడి లేకుండె. నేను చెయ్యి వెట్టి చూసిన."

ఎక్కడ కొట్టాలె తాతా, దానికి కాలమ్ లేదు అన్న.
ఆయన అద్దాలు తుడుసుకున్నడు.

చూడు, టేబుల్ చివర, 'గమనిక' అని ఉన్నది.
ఏ రిపోర్టుల రాదు, పై ఆఫీసరెవ్వరూ అడగరు.
అయినా నింపు.

సరే, లాగిన్ కొట్టు.
పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కు అతికియ్యకు.
మార్చేముందు సెలెక్ట్ కొట్టి చూసుకో,
ఎన్ని వరుసలు?
ఒక్కటేనా?
మల్లొకసారి లెక్కవెట్టు.